కాలు వాచి, చలిజ్వరం వస్తే...

వానాకాలం. నాట్లు ముమ్మరంగా సాగుతున్న రోజులు. జగిత్యాల వైపు ఒక పల్లెలో, ఒక బడిపంతులుగారి ఇంట్లో ఇలా జరిగిందనుకోండి.

పంతులుగారి తల్లికి అరవై దాటాయి. నాట్లు వేసే కైకిలివాళ్ల కోసం ఆమె మడిగట్టు మీద చాలాసేపు నిలబడి, బురద కాళ్లతోనే ఇంటికి వచ్చింది. సాయంత్రం దాకా బాగానే వుంది. దీపాలు పెట్టే వేళకు వొళ్లు జలదరించి వణుకు పుట్టింది. రెండు దుప్పట్లు కప్పినా చలి తగ్గలేదు.

"ఏమైందమ్మా? మలేరియా గాదు గద?" అన్నాడు కొడుకు.

"ఏం లేదు బిడ్డా. వానలో తడిసిన. పొద్దటికి అదే పోతది. ఈ ఎడమ కాలే జర సలుపుతున్నది."

కోడలు కాలు ముట్టుకుని చూసింది. కుడికాలు మామూలుగానే వుంది. ఎడమకాలు చీలమండ పైన పెనంలా కాలుతున్నది. తెల్లవారేసరికి వాపు పిక్కదాకా ఎక్కింది. చర్మం బిగిసి నిగనిగలాడుతున్నది. వేలు ఆనిస్తే ఆమె కెవ్వుమన్నది.

ఇక ఇరుగుపొరుగులు వచ్చారు. "అక్కి గావచ్చు, జాజు రాయించుండ్రి" అన్నది పక్కింటి పెద్దమ్మ. "ఏదో పురుగు ముట్టింది, పసరు కట్టాలె" అన్నారు మరొకరు. మందుల దుకాణంలో నొప్పి తగ్గే బిళ్లలు రెండు ఇచ్చారు. వాటితో జ్వరం పూటసేపు తగ్గి, "చూస్తివా, నేను చెప్పలే" అనిపించింది. మూడు రోజులు ఇలాగే గడిచాయి. నాలుగోనాడు ఆమెకు మాట తడబడుతుంటే కారు మాట్లాడుకుని కరీంనగర్ తీసుకువెళ్లారు.

ఆస్పత్రిలో డాక్టరు కాలు అంతా చూసి, చివరికి చిటికెనవేలినీ దాని పక్కవేలినీ విడదీశాడు. సందులో చర్మం తెల్లగా మెత్తబడి పాసిపోయి వుంది. అడుగున సన్నని చీలిక.

"దొంగ వచ్చిన దారి ఇదిగో. మొదటిరోజే వస్తే బహుశా మాత్రలతో పోయేది. ఇప్పుడు ఇక్కడే వుంచి నరంలోకి మందు ఎక్కించాలి" అన్నాడు.

ఈ కథ మేము కల్పించిందే. కాని వానాకాలంలో మన జిల్లాల ఆస్పత్రుల్లో ఇలాంటి కాళ్లు కొత్త కాదు. ఆ జబ్బు పేరు సెల్యులైటిస్.

చర్మం కింద నిప్పు

మన చర్మం ఒక కోటగోడ. దానిమీద ఎల్లప్పుడూ లక్షలాది సూక్ష్మజీవులు తిరుగుతూనే వుంటాయి. గోడ బాగున్నంతకాలం అవి మనల్ని ఏమీ చేయలేవు. ఎక్కడైనా పగులు ఏర్పడితే మాత్రం లోపలికి దిగుతాయి. అలా దిగినవాటిలో ముఖ్యమైనది స్ట్రెప్టోకోకస్. సూక్ష్మదర్శినిలో చూస్తే పూసలదండలా కనిపిస్తుంది. మరొకటి స్టాఫిలోకోకస్. ఇది ద్రాక్షగుత్తిలా వుంటుంది. గడ్డ కట్టి చీము పట్టినచోట సాధారణంగా ఈ రెండోదే కారణం. చీము లేకుండా ఎర్రగా పాకిపోయే వాపుకు ఎక్కువగా మొదటిది.

ఈ క్రిములు చర్మం లోపలి పొరలలోనూ, దాని కింద వుండే కొవ్వు పొరలోనూ వ్యాపిస్తే దానినే సెల్యులైటిస్ అంటారు. కాస్త పైపొరలోనే వుండి, గీత గీసినట్టు అంచు తెలుస్తూ ఎర్రగా పాకేదాన్ని మన పెద్దలు సర్పి అనేవారు. ఆయుర్వేదంలో దాని పేరు విసర్పం. పాకుతుంది గనుకనే ఆ పేరు. సర్పికి కారణం స్ట్రెప్టోకోకస్ అని జర్మన్ వైద్యుడు ఫెలైజెన్ 1883లో నిరూపించాడు. అక్కి వేరు. అది వేరొక క్రిమివల్ల, ఒక నరం వెంబడి పొక్కులుగా వస్తుంది. రెండింటినీ ఒకటే అనుకుని జాజు రాస్తూ కూర్చుంటే విలువైన కాలం గడిచిపోతుంది.

ఇది ఒకరి నుంచి ఒకరికి మామూలుగా అంటుకునే జబ్బు కాదు. రోగికి వేరే కంచం, వేరే గది పెట్టనక్కరలేదు. కాలు కడిగి కట్టు మార్చిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు.

గుర్తుపట్టడం ఎలా?

పుస్తకాలలో "చర్మం ఎర్రబడుతుంది" అని వుంటుంది. ఆ పుస్తకాలు చాలావరకు తెల్లవారిని చూసి రాసినవి. మన చామనచాయ, నలుపు వొంటిమీద ఎరుపు అంత తేలిగ్గా కనిపించదు. వూదారంగుగానో, చుట్టుపక్కల కన్నా నల్లగానో వుండవచ్చు. అందుచేత కంటితోపాటు చేతిని కూడా నమ్మాలి. రెండు కాళ్లమీద చెరొక అరచేయి ఆనించి చూడండి. ఒక కాలు వేడిగా, బిగువుగా, ముట్టుకుంటే నొప్పిగా వుంటే అనుమానించాలి. దానికి చలిజ్వరం తోడైనా, గజ్జల్లో బిళ్లకట్టినా, కాలిమీదుగా పైకి చార పాకినా ఇక అనుమానం బలపడుతుంది. ఒక్కొక్కసారి కాలిమీద ఏమీ కనబడకముందే చలి, వణుకు వస్తాయి. కథలో పంతులుగారు మలేరియా అనుకున్నది అందుకే.

రెండు కాళ్లూ ఒకేసారి, సమానంగా వాస్తే అది చాలావరకు సెల్యులైటిస్ కాదు. గుండె, మూత్రపిండాలు, నరాలలో రక్తం నిలవటం వంటి ఇతర కారణాలు వెతకాలి. ఒక్క కాలే వాచినా లోపలి సిరలో రక్తం గడ్డకట్టి వుండవచ్చు. కీలు దగ్గర వాతపు వాపు కావచ్చు. పొలంలో వుండగా వున్నట్టుండి కాలు వాస్తే పాముకాటు కూడా కావచ్చు. అప్పుడు క్షణం ఆలస్యం చేయకూడదు. ఈ తేడాలు తేల్చవలసింది డాక్టరే.

మన నేల, మన కాళ్లు

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో ఎనిమిది జిల్లాలయ్యాయి. పేర్లు మారినా పనులు మారలేదు. శ్రీరామసాగర్ కాలువల కింద వరిమడిలో రోజంతా నిలబడే కాళ్లు, ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తిచేల మధ్య నడిచే కాళ్లు, సింగరేణి గనుల్లో చెమ్మపట్టిన బూట్లలో పూటంతా నలిగే కాళ్లు - వీటన్నిటికీ ఒకే శత్రువు, తడి. తడిసిన చర్మం పాసిపోతుంది. పాసినచోట తామరవంటి బూజుజబ్బు చేరుతుంది. వేళ్లసందు చీలుతుంది. నొప్పి కూడా పెద్దగా వుండదు గనుక ఎవరూ పట్టించుకోరు. తుమ్మముల్లు, మడమ పగులు, గోకిన దోమకాటు, చెప్పు కరిచిన పుండు - ఇవన్నీ తలుపులే. పట్నంలో బల్లముందు కూర్చుని ఉద్యోగం చేసుకునేవారికి కూడా ఈ తలుపులు లేకపోలేదు. ఎండాకాలంలో చెమటకు, మేజోళ్లలోనే వేళ్లు పాసిపోతాయి.

చక్కెర వ్యాధి వున్నవారి సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. వారికి పాదంలో స్పర్శ తగ్గుతుంది. ముల్లు దిగినా తెలియదు. క్రిములతో పోరాడే శక్తి కూడా తక్కువ. వొళ్లు బరువున్నవారు, ముసలివారు, ఇదివరకు ఒకసారి ఈ జబ్బు వచ్చినవారు కూడా ఈ పట్టీలోకే వస్తారు.

బోదకాలికీ దీనికీ సంబంధం

మన ప్రాంతంలో దీనికి ఇంకొక ముఖ్యమైన ముడి వుంది. పాత కరీంనగర్ జిల్లా చాలాకాలంగా బోదకాలు వున్న జిల్లాల్లో ఒకటి. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు సన్నని దారంలాంటి పురుగుల పిల్లలు వొంట్లోకి చేరి, పెద్దవై లింఫు నాళాలలో కాపురం పెడతాయి. లింఫు నాళాలంటే పొలంలో మిగులు నీరు తీసే కాలువలవంటివి. కాలువ పూడితే మడి ఎలా వూటబడుతుందో, ఆ నాళాలు చెడితే కాలు అలా వాస్తుంది. క్రిములతో పోరాడే కణాలు ప్రయాణించేది కూడా ఆ దారినే. దారి చెడిపోయిన కాలిలో స్ట్రెప్టోకోకస్‌కు అడ్డు వుండదు.

బోదకాలున్నవారికి ఏడాదికి కొన్నిసార్లు కాలు మండి, గజ్జలో బిళ్లకట్టి, చలిజ్వరం వచ్చి మంచమెక్కిస్తుంది. "పురుగు కదిలింది" అనుకుంటారు. నిజానికి అందులో ఎక్కువభాగం వేళ్లసందుల నుంచి దూరిన క్రిముల దాడి. అంటే ఈ జబ్బే, లేదా దీని తోబుట్టువు. పురుగును చంపే మందు ఆ జ్వరానికి మందు కాదు. ప్రతి దాడీ మిగిలిన నాళాలను ఇంకాస్త చెడగొడుతుంది. అందువల్ల కాలు ఇంకాస్త లావవుతుంది. లావైన కాలికి దాడి మరింత సులువు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి.

ఇక్కడ ఒక తెలుగువాడిని తలచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్లి, లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహించారు. బోదపురుగుపై పనిచేసే డైఇథైల్‌కార్బమజైన్ మందు ఆయన బృందం నుంచి 1947లో వెలువడింది. మరుసటి ఏడే ఆరియోమైసిన్ వచ్చింది. దాన్ని కనిపెట్టిన డగ్గర్ అక్కడి శాస్త్రజ్ఞుడే. టెట్రాసైక్లిన్ జాతిలో అదే మొదటిది. ఆ ఏడాదే సుబ్బారావుగారు కన్నుమూశారు. భారతదేశంలో బోదకాలు అదుపుకు జాతీయ పథకం 1955లో మొదలైంది. 2004 నుంచి ఏడాదికొకసారి ఇంటింటికీ మాత్రలు పంచే పద్ధతి దేశమంతటా అమలులోకి వచ్చింది. ఆ మాత్రలలో ముఖ్యమైనది సుబ్బారావుగారి మందే. మీ ఇంటికి ఆ మాత్రలు తెచ్చినప్పుడు తీసుకుని గూట్లో పెట్టకండి. ఇచ్చినవారి ఎదుటే మింగండి.

ఒక పోలీసు కథ

పూర్వం ఈ జబ్బుకు మందే లేదు. చిన్న గీరుడుతో మొదలై ప్రాణాలు పోయేవి. 1928లో ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను గుర్తించినా, దాన్ని మందుగా తీసే ఉపాయం ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్‌ల బృందానికి చిక్కేసరికి రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. 1941 ఫిబ్రవరిలో ఆ మందుతో మొదట చికిత్స పొందిన రోగి ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు. ముఖం మీద చిన్న గాయం నుంచి ఇవే రెండు జాతుల క్రిములు దూరి, ముఖమూ తలా చీముపట్టి, ఒక కన్ను కూడా పోయింది. పెనిసిలిన్ పడగానే జ్వరం దిగి, అన్నం సహించింది. కాని మందు చాలలేదు. అతని మూత్రంలోంచి పెనిసిలిన్‌ను మళ్లీ తీసి ఎక్కించారు. అదీ అయిపోయింది. జబ్బు తిరగబెట్టి మార్చి 15న చనిపోయాడు.

ఈ కథలో మనకొక పాఠం వుంది. మందు సగంలో ఆగితే తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. ఆనాడు మందు లేక ఆగింది. ఈనాడు మందు చేతిలో వుండి మనమే ఆపుతున్నాము!

చికిత్స

జబ్బు కొద్దిగా వుండి, రోగి తింటూ తాగుతూ వుంటే మాత్రలు చాలు. పెనిసిలిన్ జాతి మందులు, సెఫాలెక్సిన్ వంటివి డాక్టర్లు ఇస్తారు. పెనిసిలిన్ పడనివారికి వేరే మందులున్నాయి. ఇదివరకు ఏ సూదిమందుకైనా, మాత్రకైనా దద్దుర్లు, ఆయాసం వచ్చివుంటే అది ముందే చెప్పాలి. మందు సాధారణంగా 5 రోజులు, అప్పటికి తగ్గకపోతే ఇంకొన్ని రోజులు వాడమంటారు. రెండోనాడు జ్వరం పోయిందని మానకూడదు.

మొదటి మాత్ర వేసుకునే ముందు ఒక పని చేయండి. ఎరుపు, వేడి ఎంతవరకు వున్నాయో చూసి, అంచు వెంబడి పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ, వేళ రాయండి. మందు మొదలుపెట్టాక ఒకటి రెండు రోజులు ఎరుపు గీత దాటినా కంగారుపడనక్కరలేదు. క్రిములు చచ్చేటప్పుడు కూడా కాస్త వాపు వుంటుంది. 2 రోజులు దాటినా గీతమీద గీత దాటుతూ పోతే, జ్వరం దిగకపోతే, మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లవలసిందే.

సగం వైద్యం మంచం మీద వుంది. కాలికింద దిండ్లు పెట్టి, పాదం గుండెకన్నా ఎత్తున వుండేటట్టు పడుకోవాలి. కుర్చీలో కూర్చుని కాలు వేలాడదీస్తే మందు పనిచేస్తున్నా వాపు దిగదు. నీళ్లు బాగా తాగాలి. జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ చాలు. పేడ, సున్నం, పసర్లు పుండుమీద పెట్టకూడదు. వాతలు అసలే వద్దు. గట్టిగా మర్దన చేయవద్దు. ఎవరో సంచి తగిలించుకువచ్చి "ఒక్క సూదితో వాపు దిగుతుంది" అంటే, ఆ సూదిలో ఏమున్నదో అడగండి. అది స్టెరాయిడ్ అయితే బాధ తగ్గినట్టనిపించి, లోపల క్రిములకు మేత దొరుకుతుంది.

ఇక ఆగకూడని వేళ

కొన్ని గుర్తులు కనబడితే తెల్లవారేదాకా కూడా ఆగరాదు. పైకి కనిపించే వాపుకన్నా నొప్పి ఎన్నోరెట్లు ఎక్కువగా వుండటం. గంటగంటకూ పాకడం. నల్లని, వూదా మచ్చలు, బొబ్బలు లేవడం. నొప్పిగా వున్నచోటు హఠాత్తుగా మొద్దుబారడం. నొక్కితే చర్మం కింద చిటపటమనడం. ఇవి కండరాల పైపొర కుళ్లుతున్న గుర్తులు. అప్పుడు మందుతోపాటు వెంటనే శస్త్రచికిత్స చేయాలి. లేకపోతే కాలే కాదు, ప్రాణమే పోవచ్చు. మాట తడబడటం, మత్తు, వాంతులు, ఎగశ్వాస, మూత్రం తగ్గడం - ఇవి క్రిములు రక్తంలోకి ఎక్కిన సూచనలు. కంటి చుట్టూ వాచి, చూపు మందగించినా, కన్ను కదిలిస్తే నొప్పి పుట్టినా అంతే ప్రమాదం. 108కి ఫోను చేయండి.

ఉట్నూరు వైపు గూడేలలో వున్నవారికి ఒక మాట. వాన కురిస్తే వాగులు పొంగి దారి తెగిపోవడం అక్కడ ఏటా వున్నదే. ఆకాశం మబ్బుపట్టి వుండగా కాలు వాచి చలిజ్వరం వస్తే, వాగు పొంగకముందే బయలుదేరడం మంచిది. ఆదిలాబాదులో 2008 నుంచి వైద్యకళాశాల, దాని ఆస్పత్రి వున్నాయి. కరీంనగరులో కూడా పెద్ద ఆస్పత్రులున్నాయి. ఎంత మంచి ఆస్పత్రి అయినా, మనం చేరుకుంటేనే గదా!

మళ్లీ రాకుండా

ఈ జబ్బుకు ఒక చెడ్డ గుణం వుంది. ఒకసారి వచ్చిన కాలికి మళ్లీ వస్తుంది. మాటిమాటికీ వచ్చేవారికి చిన్న మోతాదులో పెనిసిలిన్ చాలాకాలం ఇచ్చి చూశారు. 2013లో బ్రిటన్, ఐర్లండుల నుంచి వెలువడిన పరిశోధన ప్రకారం, ఏడాదిపాటు మందు వాడుతున్నప్పుడు నూటికి 22 మందికి జబ్బు తిరగబెడితే, వాడనివారిలో 37 మందికి తిరగబెట్టింది. మందు మానాక ఆ రక్షణ నిలవలేదు. వాపు నిలిచిపోయిన కాళ్లకు బిగువైన పట్టీలు, మేజోళ్లు వాడించి 2020లో ఆస్ట్రేలియాలో చూశారు. వాడినవారిలో నూటికి 15 మందికి, వాడనివారిలో 40 మందికి తిరగబెట్టింది. కాని రక్తప్రసారం తక్కువైన కాలికి అలాంటి పట్టీ చేటు. డాక్టరు చూసి చెప్పకుండా కట్టకూడదు.

ఇవికాక ఖర్చులేని వైద్యం ఒకటుంది. బోదకాలు వున్నవారికి ఆరోగ్యశాఖవారు నేర్పేదీ ఇదే. రోజూ రాత్రి ఒక తొట్టిలో శుభ్రమైన చల్లని నీళ్లు, మామూలు సబ్బు పెట్టుకోండి. మోకాలి నుంచి కిందికి, వేళ్ల మధ్యకూడా మెల్లగా రుద్ది కడగండి. సబ్బు పోయేదాకా నీళ్లు పోయండి. మెత్తని పాతబట్టతో అద్ది, ముఖ్యంగా వేళ్లసందులు తడి లేకుండా ఆరనివ్వండి. పాసినచోట తామరమందు, గాయమున్నచోట డాక్టరు చెప్పిన లేపనం రాయండి. వంగలేని ముసలివారికి ఇంట్లోవారు ఈ పని చేయాలి. పగలు వీలైనప్పుడల్లా పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, రాత్రి కాలికింద దిండు పెట్టడం, బయటికి చెప్పులు లేకుండా పోకపోవడం - ఇంతే. చక్కెర వ్యాధి వుంటే దాన్ని అదుపులో పెట్టుకోవాలి.

చివరికి ఒక మాట. బోదకాలున్న మనిషిని చూసి ముఖం తిప్పుకునేవారు ఇంకా వున్నారు. ఆ సిగ్గుతోనే ఎందరో ఆడవాళ్లు చీరకింద కాలు దాచుకుని, జ్వరం వచ్చినా నోరు విప్పరు. కథలో పంతులుగారి తల్లి కూడా "ఏం లేదు బిడ్డా" అనే అన్నది. మన ఇళ్లలో పెద్దవాళ్ల మొదటి మాట ఎప్పుడూ అదే. కనుక వారు చెప్పేదాకా ఆగకండి. ఈ రాత్రి భోజనాలయ్యాక, "అమ్మా, నీ కాళ్లు చూపించు" అని అడగండి. వేళ్లసందులు విడదీసి చూడండి. దానికి పట్టేది రెండు నిమిషాలు.